స్తంభాల మీది గొంతు

మార్చి 1

ఈ రోజు జరిగినదానికి తప్పు నాది కాదని ముందే రాసి పెట్టుకుంటున్నాను. రేపు నా బుర్ర నాకే అడ్డం తిరిగి తప్పు నీదేనంటుందేమో, అప్పుడు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.

సిమెంటు ఫ్యాక్టరీవాళ్లు నా చేతికిచ్చిన కాగితంలో ఉన్నది ఇది: "ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడును పట్టి, గొట్టపు మార్గంలో పంపి, ఊరి అవతల భూమిలో కిలోమీటరుకు పైగా లోతున నిల్వ చేసే పథకం గురించి ఆదివారం ఉదయం బోరు వద్ద సమాచార సమావేశం. ప్రజలు హాజరు కావలసిందిగా మనవి." ఇది చదివితే ఎవరొస్తారు? నేనైతే రాను. వ్యాను మీద మైకు పెట్టుకుని ఈ ఊరి వీధుల్లో సినిమాలు, సర్కసులు, బట్టల కొట్ల తగ్గింపు ధరలు, తప్పిపోయిన పిల్లలు, కన్నుమూసిన పెద్దలు, అన్నీ చెప్పి తల నెరిసినవాణ్ణి. కాగితంలో ప్రాణం లేకపోతే గొంతు పోయాలి. పోశాను.

"రండి బాబూ రండి! కంటికి కనపడని గాలి! పొగగొట్టంలో పుట్టి పాతాళంలో పడుకునే గాలి! ఒక్క రోజు మాత్రమే!"

ఆ "ఒక్క రోజు మాత్రమే" అన్నది నేను కావాలని అనలేదు. సర్కసుల కాలం నుంచి నా నాలుక మీద కాపురం ఉంటోంది.

వచ్చారు. మడత కుర్చీలతో, నీళ్ల సీసాలతో, చంకలో పిల్లలతో వచ్చారు. ఒకాయన మెడలో బైనాక్యులర్స్ వేలాడేసుకుని మరీ వచ్చాడు. బోరు చుట్టూ ఉన్న కంచె పక్కన కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. జనానికి వివరించమని కంపెనీ పంపిన ఆఫీసరమ్మ ఒకావిడ ఉంది. ఎప్పుడు చూసినా చంకలో చుట్టచుట్టిన బొమ్మలే కాబట్టి నేను చార్టుల మేడం అంటాను. ఆవిడ చార్టు విప్పి, కింద గుల్లరాయి, దాని మీద మూతలాగా గట్టిరాయి, ఆ గుల్లల్లోకి గాలిని ఒత్తిడితో పంపుతాం అని చెబుతోంది. వెనక నుంచి ఒక పెద్దమనిషి, "అమ్మా, బొమ్మలు తర్వాత చూస్తాం. అసలుది ఎప్పుడు వదుల్తారు?" అన్నాడు.

వదలడం అన్న మాట వినగానే ముందు వరసలో ఒకావిడ లేచి, "ఏంటీ, వదుల్తారా? పిల్లలున్నారండీ ఇక్కడ!" అంది. అంతే. కుర్చీలు మడతపడ్డాయి. బైనాక్యులర్సాయన అందరికన్నా ముందు పరిగెత్తాడు.

మేడం నన్ను వ్యాను చాటుకి పిలిచింది. "భయపెట్టొద్దన్నాను నిజమే. తమాషా చెయ్యమన్లేదు కదండీ."

"జనం వచ్చారు కదా మేడం?"

"వెళ్లిపోవడం కూడా చూశారు కదా?"

మాటలు నాకు అంటవు. గుచ్చుకుంటున్నది వేరే ఉంది. వచ్చే నెల వీధివీధికీ స్తంభాల మీద స్పీకర్లు పెడుతున్నారు. ఎప్పుడైనా గొట్టం లీకైతే ఊరిని హెచ్చరించడానికి ఒక గొంతు రికార్డు చేసి వాటిలో ఉంచుతారు. ఒకటే గొంతు. బోరు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. నేను పోయాక కూడా ఉంటుంది. మొదటి రోజు మేడమే "అది మీదే అవుతుందేమో" అంది. ఆ "ఏమో" ఇవాళ కొంచెం పెద్దదైనట్టు తోస్తోంది.

మార్చి 5

మేడం ఫోను చెయ్యలేదు. నా ఫోను బాగానే ఉంది. బావమరిది చేత చేయించి చూశాను.

మార్చి 9

మా ఆవిడ ఈ రోజు మేడం ఆఫీసుకు వెళ్లింది. నాకు చెప్పలేదు. వెళ్లింది పోట్లాడటానికి. మా ఇల్లు ఊరికంతటికీ పల్లంలో ఉంటుంది, నాలుగు చినుకులు పడితే నీళ్లు ముందు మమ్మల్ని పలకరించి తర్వాత కాలవలోకి వెళతాయి. ఈ బొగ్గుపులుసు వాయువు (మేడం కార్బన్ డయాక్సైడ్ అంటుంది, నేను చదువుకున్న పాత పుస్తకాల్లో ఇదే పేరు, ఇందులో రుచి కూడా ఉంది) గాలికన్నా బరువు. రంగుండదు, వాసనుండదు, పల్లం చూసుకుని కూర్చుంటుంది. ఊపిరాడనివ్వదు. ఇదంతా నేను ఇంట్లో భోజనాల దగ్గర ఎన్నిసార్లు చెప్పానో. ఆవిడ ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

అక్కడ మాత్రం ఎత్తిందట. మేడంనీ, బోరు ఇంజనీరునీ ఎదురుగా కూర్చోబెట్టుకుందట. ఎవరో చెబితే నేను పరుగున వెళ్లి తలుపు దగ్గరికి చేరేసరికి ఇలా నడుస్తోంది:

"లీకైతే మాకెలా తెలుస్తుందండీ?"

"మీటర్లుంటాయమ్మా. వెంటనే పసిగడతాయి."

"మీటరు పాడైతే?"

"పక్కన ఇంకోటి ఉంటుంది."

"కరెంటు పోతే?"

ఇంజనీరు మేడం వైపు చూశాడు. మేడం చార్టు వైపు చూసింది. చార్టులో కరెంటు పోలేదు.

"బ్యాటరీలు పెట్టాలి," అన్నాడు ఇంజనీరు.

"పెట్టాలా, పెట్టారా?"

"పెడతామమ్మా."

"పెట్టాక కబురు చెయ్యండి. వచ్చి చూస్తాను."

దారిలో అడిగాను. "ఏమే, ఇవన్నీ నన్నడగొచ్చుగా? నేనూ ఆ పనిలోనే ఉన్నానుగా?"

"మీరు చెబితే బాగుంటుందండీ," అంది.

"మరి?"

"బాగుంటుంది. అంతే. మనం లేచి వెళ్లాలో కూర్చోవాలో మాత్రం తెలీదు."

ఇంటికొచ్చి చేతులు కడుక్కుని తన పనిలో పడిపోయింది. పక్కింటావిడ, ఆవిడ వెనకాల ఇంకో ఇద్దరు ఆడవాళ్లు మా గడప దగ్గర చేరారు. "పిన్నీ, ఏమన్నారు?" అని అడుగుతున్నారు. నేను వరండాలోనే కూర్చున్నాను. నన్నెవరూ అడగలేదు. నాకెందుకులే అని పేపరు చదువుకున్నాను. నిన్నటి పేపరు.

మార్చి 12

గడ్డానికని బావమరిది సెలూనుకి వెళ్లాను. మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. నాలుకకీ కత్తికీ ఒకే సానరాయి వాడతాడు.

"బావా, అక్క ఇరగదీస్తోందట!"

"ఏం ఇరగదీసింది?"

"పల్లం వీధి మొత్తం అక్క చెప్పిందే వేదమంటున్నారు. నిన్న ఇదే కుర్చీలో కూర్చున్నాయన, మీ మైకాయన భార్య ఒప్పుకుంటే మేమూ ఒప్పుకుంటాం అన్నాడు. ఇన్నాళ్లూ ఆవిడని మైకాయన భార్య అనేవాళ్లు. ఇంకో నెల పోతే నిన్ను ఆవిడ మొగుడంటారు చూడు. తల కదపకు, తెగుతుంది."

కత్తి గొంతు మీద ఉన్నప్పుడు మనిషి ఏం జవాబిస్తాడు?

దీనికి కుళ్లు అని పేరు పెట్టే తెలివైనవాళ్లు ఉంటారు. కుళ్లు కాదు. నాది వృత్తిపరమైన ఆందోళన. మా ఆవిడ గొంతు నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? అందులో ఎత్తుపల్లాలు లేవు. కుళాయి తిప్పితే నీళ్లొచ్చినట్టు వస్తుంది, కట్టేస్తే ఆగుతుంది. ఒకసారి సర్కసు పులి బోనులోంచి తప్పించుకుంటే ఊరిని ఇళ్లలో ఉంచింది నా గొంతు. నిజం చెప్పాలంటే పులి తప్పించుకోలేదు, సర్కసు మేనేజరు టికెట్లు అమ్ముడుపోక అలా చెప్పమన్నాడు. జనం ఇళ్లలో ఉండలేదు కూడా, పులిని చూద్దామని వీధుల్లోకొచ్చారు. కానీ విన్నారు! అసలు సంగతి అది. విన్నారు.

మార్చి 16

మేడం ఇంటికొచ్చింది. నాకోసమేనని చొక్కా మార్చుకుని వచ్చాను. వచ్చేసరికి ఇద్దరూ వంటింట్లో పీటల మీద కూర్చుని ఉన్నారు.

పెద్ద హాల్లో ఊరందరి మీటింగు ఉంది. ప్రజలు సరేనంటేనే పని ముందుకి. అక్కడ మా ఆవిడ నాలుగు ముక్కలు మాట్లాడాలట.

"కంపెనీ తరఫున నేను మాట్లాడనమ్మాయ్," అంది మా ఆవిడ.

"వద్దు పిన్నిగారూ. మీరు చూసింది చూసినట్టు చెప్పండి. చూడంది చూడలేదని చెప్పండి."

"బాగోలేనిది కూడా?"

మేడం చంకలో చార్టు తీసి పక్కన పెట్టింది. "అది కూడా."

మేడంకి మా ఆవిడ పిన్నిగారు, నేనేమో ఇంకా సారు. అప్పుడు నావైపు తిరిగి, "సార్, హాల్లో సౌండంతా మీదే," అంది. సౌండంటే మైకు ఎక్కడ పెట్టాలో చూసి, వైర్లు తొక్కకుండా పక్కకి సర్దడం.

నవ్వుతూ ఒప్పుకున్నాను. పెద్ద మనసు ఉండాలి మనిషికి. అద్దంలో చూసుకున్నాను, నవ్వు బాగానే వచ్చింది, కాకపోతే కొంచెం ఎడం పక్కకి లాగింది.

మార్చి 19

గొంతు నొప్పి. ఆవిడకి కాదు, నాకు.

మార్చి 22

మీటింగు కోసం ఆవిడకి శిక్షణ ఇవ్వబోయాను. ముందు "ప్రియమైన పురజనులారా" అనాలి, అని ఆగాలి, ఆ ఆగడంలో హాలంతా మన చేతిలోకొస్తుంది. ఆవిడ బట్టలు మడతపెడుతూ విని, "అందరూ తెలిసినవాళ్లే కదండీ, పురజనులెవరు?" అంది.

దుప్పటికి రెండో కొస పట్టుకోమంది. పట్టుకున్నాను.

మార్చి 26

హాలు నిండిపోయింది. నేను వేదిక పక్కన ఆంప్లిఫయరు దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. నా చేతి కింద నాలుగు నాబ్‌లు. ఇంజనీరు మాట్లాడాడు, మేడం మాట్లాడింది, జనం కుర్చీల్లో అటూ ఇటూ ఒత్తిగిల్లారు. మా ఆవిడ లేచింది. మైకుకి బాగా దగ్గరగా నిలబడింది. అలా నిలబడితే స్పీకరు కీచుమంటుందని వృత్తిలో ఉన్న ఎవడికైనా తెలుసు. అందుకని ముందుజాగ్రత్తగా నాబ్ తగ్గించాను.

కొంచెం.

తర్వాత ఇంకొంచెం. కీచుమనకుండానే.

వెనక వరసలకి వినపడి ఉండదు. నా లెక్క ప్రకారం ఇప్పుడు గోల మొదలవ్వాలి. "వినపళ్లేదు" అని ఒకడు అరుస్తాడు, ఇంకొకడు ఈల వేస్తాడు, అప్పుడు నేను లేచి మైకు అందుకుంటాను. నా జీవితంలో ఎన్ని సభల్లో చూశానో ఇది.

ఒకడూ అరవలేదు. ఎవరో లేచి ఫ్యాన్లు కట్టేశారు. వెనకవాళ్లు కుర్చీలు ఎత్తుకుని, నేలకి రాసుకోకుండా ఎత్తి పట్టుకుని, ముందుకి వచ్చి కూర్చున్నారు. ఒక చంటిబిడ్డ ఏడుపు లంకించుకుంటే వాళ్లమ్మ తనంతట తానే బయటికి వెళ్లింది. నా స్టూలు దాకా జనం వచ్చేశారు. నా మోకాలు మీద ఎవరిదో మోచెయ్యి.

మా ఆవిడ చెబుతోంది. "బ్యాటరీలు పెట్టారు. నేను వెళ్లి చూశాను. కరెంటు కట్టేయించి మరీ చూశాను, మీటర్లు ఆగలేదు. మా వీధి చివర మీటరు మాత్రం ఇంకా రాలేదు. అది వచ్చేదాకా పంపు ఆన్ చెయ్యబోమని ఈ అమ్మాయి మీ అందరి ముందూ అంటుందేమో అడగండి."

మేడం లేచి అంది. ముఖం ఎర్రబడింది కానీ అంది.

ఎవరో అడిగారు. "నీకు నమ్మకమేనా పిన్నీ?"

"నమ్మకం సంగతి నాకు తెలీదు. ఎన్నేళ్లుంటుందో, మన తర్వాత దాన్ని ఎవరు చూస్తారో అడిగాను. ముప్పై ఏళ్ల దాకా కంపెనీ చూస్తుందన్నారు. ఆ పైన ఎవరంటే గట్టిగా చెప్పలేకపోయారు. అది నాకు నచ్చలేదు. కానీ పొగ ఇన్నాళ్లూ మన నెత్తి మీదే ఉందిగా, దాని గురించి మనల్ని ఎవరడిగారు? వీళ్లు అడుగుతున్నారు. అడిగినన్నాళ్లూ నేను వీళ్లమీద కన్నేసి ఉంచుతా."

కూర్చుంది. చప్పట్లు లేవు. తలలూపారంతే. హాలంతా తలూపడం నేను నా జన్మలో చూడలేదు. నాకు ఎప్పుడూ చప్పట్లే వచ్చాయి.

దారిలో ఆవిడ, "మైకు బాగా పెట్టారండీ. అరవక్కర్లేకుండా హాయిగా మాట్లాడుకున్నా," అంది.

ఎగతాళి కాదు. అదే భరించలేకపోయాను.

మార్చి 27

ఊరు సరేనంది. మంచిదే. నేను కాదనలేదు కదా.

ఏప్రిల్ 6

స్పీకర్లు బిగించారు. హెచ్చరిక రికార్డు చేయడానికి మా ఇద్దర్నీ పిలిచారు. ఇద్దర్నీ! రెండు గొంతులూ రెండు ఆదివారాల్లో ఊళ్లో వినిపించి చూస్తారట. జనం ఏది విని కొండ వైపు మెరక మీదికి నడుస్తారో అదే ఖాయం. మేడం నిష్పక్షపాతి. ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది.

నేను రికార్డు చేసిన ప్రతిసారీ ఇంతకన్నా బాగా రావచ్చనిపించి మళ్లీ చేశాను. రికార్డింగు చేసే అతను చివరికి టీ తాగి వస్తానని వెళ్లి రాలేదు. మా ఆవిడ ఒకసారి చదివింది. "చాలా?" అంది. చాలన్నారు.

మొదటి ఆదివారం నాది.

ఏప్రిల్ 12

రాయాలని లేదు.

మెరక మీద మేడం, ఇంజనీరు, మా ఆవిడ, నేను నిలబడి కిందికి చూస్తున్నాం. నా గొంతు మొదలైంది. "అప్రమత్తం! అప్రమత్తం! అదృశ్య శత్రువు మన వాకిట నిలిచింది!" ఊరంతా నేనే. ప్రతి స్తంభం మీదా నేను. వీధిలోంచి వీధిలోకి నా గొంతు నన్నే తరుముకుంటూ వెళుతోంది. నాకు కళ్లు చెమర్చాయి, ఎందుకు దాచాలి.

తలుపులు తెరుచుకున్నాయి. జనం గుమ్మాల్లోకి వచ్చారు. వచ్చి, నిలబడ్డారు. తలలు పైకెత్తి, నోళ్లు కొంచెం తెరిచి, స్తంభాల వైపు చూస్తూ నిలబడ్డారు. కొందరు నవ్వుతున్నారు. పిల్లలు వ్యానుంటుందేమోనని వీధుల వెంట పరిగెత్తారు. కొండ వైపు ఒక్క ప్రాణి రాలేదు. అయిపోయాక పల్లం వీధి వైపు నుంచి కేక వినిపించింది: "మళ్లీ! మళ్లీ!"

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. మేడం ఫోనులో ఏదో ఎక్కించుకుంది. మా ఆవిడ ఇంటిదారి పట్టింది.

సాయంత్రం బావమరిది వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "బావా, ఏం గొంతు! కుర్చీలో గిరాకీ ఉన్నాడు, సగం గడ్డం అయింది, ఇద్దరం అలాగే నిలబడిపోయాం. పాత రోజులు గుర్తొచ్చేశాయి."

"మీరిద్దరూ చచ్చిపోయేవాళ్లురా."

"చచ్చిపోయేవాళ్లమే," అన్నాడు సంతోషంగా.

ఏప్రిల్ 19

ఈ రోజు ఆవిడది. ఆవిడ పొద్దున్నే మేడంతో మెరక మీదికి వెళ్లింది. నేను రానన్నాను. ఎవరో ఒకరు కింద కూర్చుని వృత్తి తెలిసినవాడి చెవితో వినాలి కదా. వరండాలో కుర్చీ వేసుకుని, చేతిలో పెన్నుతో, ఆవిడ ఎక్కడ ఊపిరి మింగుతుందో, ఏ అక్షరం తేలిపోతుందో రాసుకుందామని సిద్ధంగా కూర్చున్నాను. కదలకూడదని నిశ్చయించుకున్నాను. ఇంకా చెప్పాలంటే పల్లం వీధి మొత్తం నాలాగే కూర్చుంటే బాగుండునని కూడా అనుకున్నాను. ఇది నాకోసమే రాసుకుంటున్నాను కాబట్టి రాశాను.

స్తంభం కిర్రుమంది.

"ఇది పరీక్ష. నిజమనుకునే రండి. పొయ్యి కట్టెయ్యండి. బండి తియ్యొద్దు, ఇంజను ఆగిపోతుంది. పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోండి. కొండ వైపు నడవండి. దేనికోసమూ వెనక్కి రావద్దు."

అంతే ఉంది. మళ్లీ అదే. పురజనులు లేరు, శత్రువు లేడు. నేను మొదటి తప్పు పట్టుకునే లోపల పొయ్యి కట్టేసి ఉంది. నేనే కట్టేశాను. ఎప్పుడు లేచానో తెలీదు. పక్కింటి ముసలావిడ గుమ్మంలో తడుముకుంటోంది, ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంది. వీధంతా నడుస్తోంది. మాటల్లేవు, అడుగుల చప్పుడే. నాకు ముందు బావమరిది, వాడి వెనక మెళ్లో తువ్వాలుతో, చెంప మీద నురగతో ఒక గిరాకీ. ఎవరూ తల ఎత్తి స్తంభాల వైపు చూడటం లేదు. అది నేను గమనించాను. ఎవరి గొంతో వినడానికి ఒక్కడూ ఆగలేదు. అంత మంచి స్పీకర్లు!

"ఎవరు నాయనా పిలుస్తోంది?" అంది ముసలావిడ.

"మా ఆవిడేనండీ."

"నడు నడు," అంది.

మెరక మీద మా ఆవిడ వస్తున్నవాళ్లని వీధుల వారీగా చూస్తోంది. నన్ను చూసింది. పైనుంచి కిందిదాకా చూసింది. చొక్కా లేదు, ఒక చేతిలో పెన్ను, ఇంకో చేతిలో ముసలావిడ.

"చెప్పులేవండీ?" అంది.

అప్పుడు చూసుకున్నాను. ఎడమ కాలికి రాయి గీసుకుని రక్తం వస్తోంది. చుట్టూ చూస్తే సగం వీధి అలాగే ఉంది.

"నువ్వు వేసుకోమని చెప్పలేదుగా?" అన్నాను. కోపంగానే అన్నాను. ఎడమ పక్కకి లాగే నవ్వు కూడా రాలేదు.

ఆవిడ మేడం వైపు తిరిగింది. "అమ్మాయ్, ఈయన చెప్పింది నిజమే. దారంతా రాళ్లు. కాళ్లు తెగితే మధ్యలో కూర్చుండిపోతారు." మేడం చప్పున జేబులోంచి ఫోను తీసి ఆ ముక్క ఎక్కించుకుంది.

ఏప్రిల్ 23

ఆవిడ మళ్లీ రికార్డు చేసింది. ఈసారి నేను కూడా వెళ్లాను, పిలవలేదు, వెళ్లాను. పొయ్యి కట్టెయ్యండి అన్న తర్వాత, బండి తియ్యొద్దు అనడానికి ముందు, "చెప్పులు వేసుకోండి" అని ఉంది. అదే ఖాయం చేశారు. అన్ని స్తంభాల్లోకీ ఎక్కించారు.

ఆ రెండు మాటలు నావి. బోరు ఉన్నన్నాళ్లూ ఉంటాయి. బావమరిదికి చెప్పాను, మేడంకి గుర్తుచేశాను, పక్కింటి ముసలావిడకి రెండుసార్లు చెప్పాను.

ఆవిడ వాటిని మరీ చప్పగా అనేసింది. "వేసుకోండి" దగ్గర కొంచెం సాగదీసి ఉంటే ఎంత బాగుండేదో.